కాలేజీల పసుపు ఆరవోసిన ఆదివారం

ఆ రోజులల్ల నలుగురు దోస్తులు ఒక్కకాడ కలవాల్నంటె రెండే తొవ్వలుండె. ఒకటి, ఎవలిదన్న పెండ్లి కావాలె. రెండోది, ఎవలన్న పోవాలె. పెండ్లికి పోతె బంతిల కూసున్నంతసేపే ముచ్చట, సావుకు పోతె నవ్వరాదు. ఫోన్లంటరా, బట్టల సేట్ల ఇండ్లల్ల, పెద్ద డాక్టర్ల దగ్గర తప్ప యాడుండె? గందుకే నేనూ మా రేడియో కలిసి మూడో తొవ్వ ఒకటి కనిపెట్టినం. డిగ్రీ అయిపోయి శానా ఏండ్లయింది, మనం సదువుకున్న కాలేజీలనే ఒక దినం అందరం కలుద్దాం, మన సార్‌ను పిలుద్దాం, మంచిగ తిని, పాత ముచ్చట్లు చెప్పుకుందాం అని. ఇప్పుడంటె సెల్‌ల నాలుగు ముక్కలు కొడితె అయిపోతది గని, తొంభైలల్ల మా ఆర్మూర్ల ఇది ఎంత పెద్ద ఆలోచనో మీకు చెప్పినా సమజ్ గాదు. (గంత పెద్ద ఆలోచన వచ్చిన తలకాయ ఇంకో చిన్న సంగతి ఎట్ల మర్చిపోయిందో, అదే ఈ ముచ్చట.)

రేడియో అంటె మా క్లాసోడే. పొద్దుగాల నోరు తెరిచిండంటె పండుకునేదాక బందు వెట్టకపోతుండె, గందుకే ఆ పేరు. సదువైనంక ఊర్లెనే మైకుసెట్టు, షామియానాల దుకాణం పెట్టుకున్నడు. దేవుడు ఎవనికి ఏమియ్యాల్నో వానికి గదే ఇచ్చిండు. ఇగ నన్ను కాలేజీల అందరు ఇస్త్రీ అనేటోళ్లు. మా అమ్మ బీడీలు చేసి కొనిచ్చిన తెల్లంగి నాకు ఒక్కటే ఉండె. మాపటికి ఉతుక్కొని, పొద్దుగాల ఇత్తడి చెంబుల నిప్పులేసి, ఒక్క ముడుత లేకుండ రుద్దుకొని తొడుక్కునేటోన్ని. కూసుంటె నలుగుతదని లెక్చరర్ వచ్చేదాక నిలవడే ఉండేటోన్ని. నిజామాబాద్‌ల సర్కారు నౌకరి దొరికినంక అంగీలు ఐదారు అయినయి గని బుద్ధి మాత్రం మారలే. ఆఫీసుల ఫైలు మీద దుమ్ముంటె ఆ ఫైలు కదలకపోతుండె, నేను ముట్టుకుంటనే గదా కదిలేది.

సమ్మేళనానికి దినం పెట్టే పెత్తనం కూడ నేనే మీదేసుకున్న. బస్టాండ్ ముంగటి హోటల్ల మిర్చిబజ్జీల ప్లేటు నడుమల పెట్టుకొని నేనూ రేడియో కూసున్నం. "లగ్గాలు లేని దినం కావాలె, అప్పుడు నీ షామియానాలు ఖాలీ ఉంటయి. కాలేజీల పిల్లగాళ్లు ఉండొద్దు. మనోళ్లకు ఆఫీసు సెలవుండాలె. ఉగాది దాటినంక వచ్చే ఆదివారం! ఎట్లున్నది?" అన్న. "తలకాయంటె నీదేరా ఇస్త్రీ!" అని రేడియో ఇంకో బజ్జీ తీసుకున్నడు. ఇంటికి వోయి మా అమ్మకు గొప్పగ చెప్పిన. ఆమె తునికాకు కత్తిరిస్త కత్తిరిస్త ఆగింది. "ఉగాది దాటినంకనా? గప్పుడు ఎవలు ఖాలీగుంటర్రా?" అన్నది. "అమ్మా, మావోళ్లందరు నౌకర్లల్ల ఉన్నరు. నాగలి పట్టేటోళ్లు ఎవ్వలు లేరు" అన్న. ఆమె నా మొఖంల మొఖం పెట్టి సూసి, "సరే తీయ్, సదువుకున్నోనివి" అని మల్ల పనిల పడ్డది. మా అమ్మ నోట్లె ఆ మాట మెచ్చుకోలు కాదని నాకు ఆ ఆదివారం దాక తెలువలే.

మాక్లూర్ల టీచరు, ధర్పల్లిల కాంపౌండరు, జిల్లాల యాడ యాడనో ఉన్న గుమాస్తాలు, అందరికి కబుర్లు పోయినయి, అందరు వస్తమన్నరు. నిజామాబాద్ బ్యాంకుల పనిచేసే ఫస్ట్ బెంచి కూడ వస్తనన్నది. ఫస్ట్ బెంచి అంటె మా క్లాసుల అందరికంటె ఎక్కువ మార్కులొచ్చే పిల్ల. మూడేండ్లు నేను ఆమె ఎనుకనుంచి జడ సూసుకుంట సదివిన (అంటె సదవలేదన్నట్టే). ఆమె నాతోని ఒక్క మాట మాట్లాడలే, నాకు ధైర్యం చాలలే. ఇప్పుడు ఆమెకు పెండ్లయింది, ఒక బాబున్నడు, నాకు ఏ ఆశలు లేవు. ఐనా ఆమె వస్తున్నదని తెలిసిన మర్నాడే టైలర్ దగ్గరికి వోయి తెల్ల సఫారీ కుట్టించుకున్న. ఎందుకంటె నేనేం చెప్పాలె? ఆ ఈడు అసొంటిది.

రాను అన్నది ఒక్కడే, బొంగరం. ఒక్కకాడ నిలవడనోడు గనుక వానికి ఆ పేరు. నా బెంచిల నా పక్కకే కూసునేటోడు, ఎనుకనుంచి కాకి లెక్క, పిల్లి లెక్క అరిచి సార్లను ఆగం చేసేటోడు. వాళ్ల నాయిన పోయినంక సదువు నడుమల ఇడిచిపెట్టి దుబాయ్ పోయిండు. ఈ నడుమ తిరిగొచ్చిండని విని రేడియో వాళ్లింటికి వోయి, ఆడెవరో పిల్ల కనబడితె చెప్పి వచ్చిండు. నాలుగొద్దులకు "నాకు పనున్నది, రాను" అని కబురొచ్చింది. "దుబాయ్ పైసల బలుపురా, మనం యాడ కంటికి ఆన్తం వానికి!" అన్నడు రేడియో. నాకు కూడ కడుపుల కాలింది. రాకుంటె పీడ వాయె అనుకున్న.

ఆదివారం రానే వచ్చింది. సఫారీ నలుగొద్దని లూనా ఎక్కకుండ ఎండల నడుసుకుంటనే పోయిన. తెల్ల సఫారీ, తెల్ల బూట్లు, జేబుల తెల్ల రుమాలు. గేటు కాడికి వోయి సూస్తె గ్రౌండు లేదు. పసుపున్నది. గేటు నుంచి కాలేజీ మెట్లదాక, ఈ దిక్కు వాలీబాల్ పోళ్ల నుంచి ఆ దిక్కు గుట్ట కింది బండలదాక, పచ్చగ, ఎక్కడ కాలు పెడుదామన్నా సందు లేకుండ. (మా దిక్కు తెల్వనోళ్లకు చెప్త. పసుపు తవ్వినంక కొమ్ములను ఉడకవెట్టి, పది పదిహేనొద్దులు మంచి ఎండల ఆరవోయాలె. గట్టి నేల యాడ కనబడితె ఆడ పోస్తరు, రోడ్డనరు, బడనరు. ఆరేటప్పుడు తడిసిందా, నల్లవడి బూజు పట్టి, నిజామాబాద్ గంజి మార్కెట్ల ఒక్క సేటు మొఖం పెట్టి సూడడు. ఉగాది ముందూ ఎనుకా మా ఊర్లె ఇదే పని.) మా అమ్మ అడిగింది గిదే. నాతోటి వస్తమన్నోళ్లందరు పసుపు ఇండ్లల్ల పుట్టినోళ్లే, పసుపు ఘాటుకు తుమ్ముకుంట పెరిగినోళ్లే. పసుపు ఆరే కాలంల ఆర్మూర్ల ఒక గ్రౌండు ఖాలీగుంటదని ఒక్కనికి అనుమానం రాలే. నౌకరొచ్చి అందరి బుర్రలు క్యాలెండర్ సెలవుల కాడనే ఆగిపోయినయి.

గేటు బయట షామియానాల బండి ఆపుకొని రేడియో నెత్తి పట్టుకొని కూసున్నడు. లోపట ఒక ముసలామె గోనె సంచి మీద కూసొని, చేతిల కట్టెతోని మేకలను అదిలిస్తున్నది. నేను అంగి సవరించుకొని ముందుకు పోయిన.

"ఎవలిదమ్మా ఈ పసుపు?"

"నాదే."

"ఎవల నడిగి పోసినవ్?"

"వాచ్‌మన్ నడిగి పోసిన. వారం దాటింది."

"ఇయ్యాల ఈడ మీటింగున్నది. పెద్ద పెద్దోళ్లు వస్తున్నరు. జల్ది తీసి ఇంకోకాడ పోసుకోవాలె."

"ఇంకోకాడ అంటె యాడ బిడ్డా? నీ సఫారీ మీద పొయ్యాల్నా?"

బయట రేడియో కిసుక్కున నవ్విండు. నాకు కోపం నషాళానికెక్కింది. కోపమొస్తె నా నోట్లె ఆఫీసు భాష వస్తది, అది నాకున్న రోగం. "ఇది ప్రభుత్వ స్థలం. అనుమతి లేకుండ ఆక్రమించినందుకు మీపై తగిన చర్య తీసుకొనబడును" అన్న. ఆమె ఏమాత్రం బెదరలే. "తీసుకో బిడ్డా, తీసుకో. నేల సర్కారుదైతె ఐతది. ఎండ కూడ సర్కారుదేనా, జర అడిగి రాపో" అన్నది. "ఇట్ల కాదు, పోలీసులను పిలుస్త" అన్న. ఆమె కొంగుతోని కండ్లు తుడుసుకొని నన్ను కింది నుంచి మీదిదాక సూసింది. "పిలువు. మా ఇంట్ల సర్వపిండి తినుకుంట 'అమ్మా, ఇంకో ముక్క పెట్టు' అన్న నోరేనారా ఇది? ఏంది ఇస్త్రీ, నన్ను గుర్తువట్టలేదా?"

బొంగరం వాళ్లమ్మ! ఎంట్రుకలన్ని తెల్లగై, మనిషి సగమైంది. నేను "అమ్మా, అది... నేను..." అని నములుతుంటె ఆమె ఎనుకకు తిరిగి కేకేసింది. "ఒరేయ్, ఇగ రారా బయటికి! నీ సోపతిగాడు పోలీసులను పిలుస్తడట." సంచుల దొంతి ఎనుకనుంచి నెత్తికి, మొఖానికి తువ్వాల సుట్టుకున్న మనిషి ఒకడు లేసిండు. కాలిగోరు నుంచి కనురెప్పల దాక పసుపే. తువ్వాల తీస్తె మా బొంగరం.

"నువ్వు రానంటివి గదరా!" అన్న.

"నేను రాలే. నేను వారం నుంచి ఈన్నే ఉన్న. మీరే వచ్చిండ్రు" అన్నడు.

మాట పాతదే గని మొఖంల నవ్వు లేదు. "మరి దాసుకునుడేందిరా?" అంటె తల దించుకున్నడు. "మీరందరు డిగ్రీలోళ్లు. నేను నడుమల ఇడిచి పోయినోన్ని. ఈ అవతారంతోని మీ నడుమల యాడ కూసుంట? మీరొచ్చే లోపల ఎత్తుదామనుకున్న, ఇంకా ఎండలే" అన్నడు. తర్వాత, నేను అడగకుంటనే చెప్పిండు. దుబాయ్ నుంచి వచ్చిన దినం వాని బిడ్డ వాన్ని సూసి, "అమ్మా, ఎవలో వచ్చిండ్రు" అని లోపటికి ఉరికిందట. "గప్పుడే అనుకున్నరా, ఇగ పోవద్దని. ఉన్నది ఊడ్చి పసుపు పెట్టిన. ఇది మంచిగ అమ్ముడువోయిందంటె ఈన్నే ఉంట. పాడైందంటె మల్ల విమానం ఎక్కుడే. ఏజెంటు తయారుగున్నడు, రేపు మాపు జవాబు చెప్పుమంటున్నడు" అన్నడు. బలుపన్న వాన్ని, పీడ వాయె అనుకున్న నన్ను, ఇద్దర్ని కలిపి ఒకటే చెప్పుతోని కొట్టాల్ననిపించింది.

ఆఖరుకు వాళ్లమ్మే ఒక ఒప్పందం చేసింది. నడుమల మనిషి పట్టేటంత సందు జరిపిస్తది, దాంట్లెనుంచి అందరు హాలు లోపటికి పోవాలె, షామియానా బందు, మీటింగు లోపటనే. "చెప్పులు, బూట్లు గేటు కాడనే ఇడవాలె. పసుపంటె లచ్చిమి. తొక్కిండ్రో, కాళ్లిరగ్గొడత" అన్నది. గంతే, ఒక్కొక్కరు రాబట్టిండ్రు. ఆఫీసర్ల లెక్క దిగినోళ్లు దిగినట్టే బూట్లు చేతిల పట్టుకొని, పాయింట్లు మలుసుకొని, వరి గట్టు మీద నడిసినట్టు చేతులు బార్ల జాపుకుంట లోపటికి పోయిండ్రు. ఫస్ట్ బెంచి పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకొని నా ముంగటనుంచే పోయింది గని, ఆమె కింద పసుపు సూసుకుంటున్నది, నా సఫారీ సూడలే.

ఇగ సార్ వచ్చిండు. వృక్షశాస్త్రం చెప్పేటోడు, కోస్తా దిక్కు మనిషి, ఉద్యోగం మీద మా ఊరొచ్చి ఈడనే ఇల్లు కట్టుకున్నడు. క్లాసుల "సైలెన్స్!" అనేదొక్కటే ఆయన గట్టిగ అనే మాట, గందుకని మాకు ఆయన సైలెన్స్ సార్. గంట కొట్టినంక వచ్చినోన్ని ఎంతటోన్నైనా గడప దాటనియ్యకపోతుండె. సార్ గేటు కాడ ఆగి, "ఏమిటర్రా ఇది? సమ్మేళనం అన్నారు, ఇంత పసుపేమిటి, ఎవరికి పెళ్లి?" అన్నడు. సంగతి చెప్తె బూట్లు ఇప్పి, పాయింటు మోకాళ్లదాక మలిసి నడిసిండు. మూడేండ్లు మమ్మల్ని గజగజ వణికించిన మనిషివి ఇంత సన్న పిక్కలా అని మేము ఒకల మొఖం ఒకలం సూసుకున్నం. బొంగరం మాత్రం ఎంత బతిమిలాడినా లోపటికి రాలే. "పసుపు కాడ ఉండాలె" అన్నడు.

హాల్ల మీటింగు మొదలైంది. రేడియో మైకు పట్టుకొని సార్ కంటె ముందు తానే అర్ధగంట మాట్లాడిండు. సార్ లేసి, అలవాటు చొప్పున "సైలెన్స్!" అని, వాకిట్ల సూసిన పసుపు మీదనే మొదలువెట్టిండు. "పసుపు కొమ్ము వేరు కాదర్రా, కాండం. ఇంత పసుపు మధ్య పుట్టి పెరిగి, పరీక్షలో మీరందరూ వేరు అనే రాశారు. నేను ఒక్కొక్కడికీ రెండు మార్కులు కోశాను." అందరు నవ్వుతుంటెనే హాల్ల సీకటైంది. కరెంటు పోయి మైకు గుయ్యిమని ఆగింది. కిటికీలు టపటప కొట్టుకున్నయి. గుట్ట ఎనుకనుంచి ఉరుమొకటి దొర్లుకుంట వచ్చింది, దాని ఎంబడి మట్టి వాసన.

మీకు నిజం చెప్త, ఆ హాల్ల కూసున్న గుమాస్తాలు, పంతుళ్లు, కాంపౌండరు, బ్యాంకామె, ఒక్కరంటె ఒక్కరు ఆలోచన చెయ్యలే. అందరి తలకాయలు ఒక్కపాలే కిటికీ దిక్కు తిరిగినయి. చిన్నప్పటినుంచి ఆ కాలంల మొగులై వానొస్తె మా ఇండ్లల్ల ఏమైతదో మాకెరుక. సార్ కూడ కిటికీల నుంచి సూసి, మాట నడుమలనే ఆపి, "పసుపు! ఏమర్రా, కూర్చున్నారేం? లేవండి!" అని కేకేసిండు. గంత గట్టిగ సార్ అరువంగ మేమెప్పుడు ఇనలే.

బయట బొంగరం గంప చేతిల పట్టుకొని, గంత గ్రౌండును, ఆ నల్ల మొగులును సూసుకుంట బొమ్మ లెక్క నిలవడిపోయిండు. వాళ్లమ్మ రెండు చేతులు మీదికెత్తి "వానదేవుడా, జర ఆగయ్యా, నీ కాళ్లు మొక్కుత, జరంత ఆగు" అని ఏడుస్తున్నది. వాళ్లిద్దరితోని ఏమైతది? మావోళ్లు మెట్లు దిగి ఉరికిండ్రు. రేడియో జంఖానాలు గుంజుకొచ్చి పరిసిండు. కాంపౌండరు, టీచరు కలిసి నోటీసు బోర్డు ఊడవీకి, దాన్ని చెరో దిక్కు పట్టుకొని పసుపును కుప్పకు నెట్టుడు మొదలువెట్టిండ్రు. (మా మార్కులు అంటించి మా ఇజ్జత్ తీసిన బోర్డు అది. మొదటిపాలి పనికొచ్చింది.) "మీరెందుకురా, మీ బట్టలు..." అని బొంగరం గొణిగితె, రేడియో "నోర్మూసుకొని గంప ఎత్తు!" అన్నడు. సార్‌కు కప్పుదామని తెచ్చిన శాలువాల గూడ పసుపు మూటగట్టిండ్రు. సార్ తలుపు రెండు రెక్కలు తెరిచి పట్టుకొని, "లోపలికి! లోపలికి! ఆలస్యమైనా ఫర్వాలేదు, లోపలికి!" అని అరుస్తున్నడు. జీవితంల ఆ మాట ఆయన నోట వస్తదని ఎవలనుకున్నరు?

మరి నేనేం చేస్తున్ననంటరా? మెట్ల మీద నిలవడ్డ. ఒక్క నిమిషం, నిజంగ ఒక్క నిమిషం, నేను ఆ పసుపును సూసి, నా సఫారీని సూసుకున్న. గప్పుడే ఫస్ట్ బెంచి పట్టుచీర కొంగు నడుముకు బిగించి, నిండిన మూట లోపట గుమ్మరించి బయటికొస్త వొస్త నా ముంగట ఆగింది. మూడేండ్లు ఆమె ఒక్క మాట మాట్లాడితె సాలనుకున్న మనిషిని నేను. ఆమె నాతోని మొట్టమొదట మాట్లాడిన మాట ఇది: "సూస్తవేంది ఇస్త్రీ? సంచులు సాల్తలేవు, ఇప్పు నీ సఫారీ!"

ఇప్పిన. లోపట బనీను వీపు కాడ సినిగి ఉన్నదని ఇప్పినంక యాదికొచ్చింది. గప్పుడు యాదికొస్తె ఏం లాభం? సఫారీ చేతులు ముడేసి, గల్లాకు గుండీలు పెట్టి, దాంట్లె పసుపు నింపుకొని ఉరికిన. ఎన్నిసార్లు ఉరికిన్నో తెల్వదు. మోకాళ్ల మీద కూసొని చేతులతోని దోసి నింపిన, తెల్ల పాయింటు పసుపుల ఈడ్చుకుంట పోయిన, సార్ చేతికిచ్చి మల్ల ఉరికిన. బొంగరం ఇప్పుడు నిజంగ బొంగరమే అయిండు, నలుగురు చేసే పని ఒక్కడే చేస్తున్నడు. ఒక్కపాలి నేనూ వాడూ ఎదురెదురు తగిలినప్పుడు వాడు నన్ను సూసి, "బనీను ఇస్త్రీ చేసుకోలేదేందిరా?" అన్నడు. గా వానల, గా తిప్పలల్ల! నాకు నవ్వాగలే. నవ్వుకుంటనే ఉరికిన.

పెద్ద పెద్ద చినుకులు పడబట్టినయి. తర్వాత ధారగ కొట్టింది. గుట్ట దిక్కు ఇంత మిగిలింది, అది తడిసింది. కడమదంత హాల్ల ఉన్నది, బల్లల మీద, బల్లల కింద, స్టేజీ మీద, సార్ కూసున్న కుర్చీల. మనుషులకు మాత్రం హాల్ల జాగ లేదు. అందరం వరండల గోడకు ఒరిగి రొప్పుకుంట నిలవడ్డం. పట్టుచీరలు, తెల్లంగీలు, సార్ బట్టతల, అన్ని ఒక్కటే రంగు. పసుపు దుమ్ముకు ఒకరి ఎనుక ఒకరు తుమ్ముడు మొదలైంది. సార్ "సైలెన్..." అనబోయి తానే తుమ్మిండు. బొంగరం వాళ్లమ్మ ఒక్కొక్కరి చెంపలు పట్టుకొని మెటికలు విరిసింది. నా దగ్గరికి వచ్చినప్పుడు, "ఇగ పిలువురా నీ పోలీసులను" అన్నది.

వాన పడుతుండంగనే అన్నం పెద్ద గిన్నెలు వరండలకే తెచ్చుకొని, బగారన్నం, అంకాపూర్ కోడికూర తిన్నం. ఎవలు ఏం తిన్నా పసుపు ఎక్కువైందనే అన్నరు. బొంగరం దూరంగ మెట్ల మీద కూసుంటె సార్ విస్తరి పట్టుకొని వాని పక్కకు వోయి కూసున్నడు. "ఏమయ్యా, వెనక బెంచీలోంచి కాకిలా అరిచేవాడివి నువ్వే కదూ?" అన్నడు. వాడు లేవబోయిండు, సార్ గుంజి కూసోవెట్టిండు. "నాతో ఒక్క మాటైనా చెప్పకుండా మానేశావు. మానేసినవాడివి ఊరుకోక, ఇవాళ కాలేజీ మొత్తం నీ సరుకుతో నింపేశావు" అన్నడు. వాడు మొఖం దించుకొని నవ్విండు. ఆ దినంల వాడు మొదటిపాలి నవ్వంగ సూసింది గప్పుడే. కొద్దిసేపటికి అందరి నడుమల కూసొని సార్ ముంగటనే కాకి లెక్క అరిచి సూపిచ్చిండు కూడ.

ఆ దినం మాపటికి పచ్చటి బనీను, చంకల పచ్చటి మూటతోని నేను నిజామాబాద్ బస్సెక్కితె, కండక్టర్ "పెండ్లి పిల్లగాడు ఒక్కడే వోతున్నడేంది?" అని ముంగటి సీటు ఇప్పిచ్చిండు. నేనేం చెప్పలే, మంచిగ కూసొని పోయిన. సఫారీ ఎన్నిసార్లు ఉడకవెట్టినా రంగు పోలే. కాలేజీ ప్రిన్సిపాల్ సోమవారం హాలు తలుపు తీసి ఏమన్నడో రేడియో ఇప్పటికి నాలుగు తీర్ల చెప్పిండు, నాలుగు అబద్ధాలే. ఏజెంటు జవాబు కోసం వస్తె మాత్రం, బొంగరం వాన్ని కాలేజీకి తోలుకపోయి హాలు సూపిచ్చి, "నా వీసా ఇంకా ఎండలే సేటూ, ఎండినంక చెప్త" అన్నడట. అది మాత్రం నిజం.

తర్వాత ఎండలు మంచిగ కొట్టినయి. వాడు మల్ల గ్రౌండులనే ఆరవోసిండు. నేను ఆఫీసుల కూసొని రోజు కిటికీల నుంచి మొగులు దిక్కు సూసుడే పని. అటెండర్ "సార్, ఏం పోయింది గాడ?" అని అడిగేటోడు. పసుపు మీద గంత ఫికర్ నా బతుకుల ఎప్పుడు పడలే, మా తాతకున్న చెలక భూమి మీద కూడ పడలే. బొంగరం నుంచి కబురు లేదు. వేసవికాలం సగమైంది. రేడియో కలిసినప్పుడు అడిగితె, "కొమ్ములు పాలిష్ చేసిండు, గంజికి తెస్తనన్నడు, ధర ఎట్లుంటదో" అన్నడు. వాడు గూడ ఇంకేం మాట్లాడలే, రేడియో బందైతె నాకు ఇంకింత భయమైంది.

ఒక దినం మధ్యాహ్నం నేను కొత్త అంగి తొడుక్కొని, సాబ్ ముంగట ఫైలు పట్టుకొని నిలవడ్డ. తలుపు కాడ బొంగరం. గంజి నుంచి సీదా వచ్చినట్టున్నడు, కాళ్లు, చేతులు, కండ్ల రెప్పలు పసుపే. సాబ్ "ఎవరయ్యా?" అంటె వాడు సాబ్‌ను సూడనేలేదు.

"అమ్మిన," అన్నడు. "పోతలేనురా."

గంతే అన్నడు. నేను ఫైలు సాబ్ టేబుల్ మీద పడేసి వోయి వాన్ని పట్టుకున్న. ఆఫీసు ఆఫీసంత సూస్తనే ఉన్నది, నాకు ఏడుపాగలే. సాబ్ ఏమనుకున్నడో, కొత్త అంగి ఏమైందో నేను ఇప్పటిదాక ఆలోచన చెయ్యలే. ఆ సాయంత్రం ఇద్దరం స్టేషన్ రోడ్డు మీద చాయ్ తాగుకుంట, వాళ్ల బిడ్డకు గాజులు కొనుడు ఎట్లనో తెల్వక దుకాణం దుకాణం తిరిగినం. "కొలత ఎంత?" అని గాజులామె అడిగితె వానికి తెల్వదు. "ఇంటికి వోయి రేపు కొలిచి తెస్త" అన్నడు. రేపు తెస్త అనే మాట వాడు ఎంత కుషీతోని అన్నడో నాకింకా చెవుల్ల ఉన్నది.

ఇప్పుడు నాకు పింఛనొస్తున్నది. బొంగరం తాత అయిండు, ఈ ఏడు కూడ పసుపు పెట్టిండు, మోకాళ్లు నొస్తున్నయని తిట్టుకుంట కొమ్ములు ఏరుతున్నడు. ఎప్పుడన్న ఆ కాలేజీ ముంగటికెల్లి పోయినప్పుడు నాకు ఆ మెట్ల మీద ఒక పోరగాడు కనబడుతడు. తెల్ల సఫారీల నిట్టనిలువుగ నిలవడి, ముంగట పసుపును, మీద మొగులును, తన బట్టలను సూసుకుంట ఏం చెయ్యాల్నో తోచకుండ ఉంటడు. వాని మీద నాకిప్పుడు కోపం లేదు, నవ్వొస్తది, పాపమనిపిస్తది. వాన్ని కేకెయ్యాల్ననిపిస్తది: ఒరేయ్ పిచ్చోడా, జల్ది దిగి ఉరుకురా, వానొస్తున్నది.